పైలటుల లైసెన్సులు – పరస్పర గుర్తింపు

విమానమును నడపుట నేర్చినవాడు ఏ దేశమునకేగినను నడపగలడని సామాన్యముగా జనులు తలతురు. వాస్తవమట్లు లేదు. ఒక ప్రభుత్వమువారు పరీక్షించి యిచ్చిన పైలటు లైసెన్సు మరియొక ప్రభుత్వమువారి కచ్చేరీలో తనంతట చెల్లదు. అమెరికాలో గాని, కెనడాలో గాని, దక్షిణాఫ్రికాలో గాని, న్యూజీలాండులో గాని శిక్షణ పొంది వచ్చిన మన యువకుడు స్వదేశమున జీతమునకు విమానమును నడపవలెనన్నచో, ఆ లైసెన్సును భారతీయ లైసెన్సుగా మార్పించుకొనవలెను. మన లైసెన్సు చేతబట్టుకొని ఐరోపాకు పోవువానికిని ఇదియే గతి. ఈ మార్పిడి ఏ న్యాయమును బట్టి జరుగవలెనను ప్రశ్న పైకి కొద్దిమంది వైమానికులకు మాత్రమే సంబంధించినదిగా కనబడును. కాని యిది వేలాది కుటుంబముల సొమ్మునకును, విమానమెక్కు ప్రతి ప్రయాణికుని ప్రాణమునకును, లోకమున మన ప్రభుత్వపు మాటకు గల విలువకును సంబంధించిన ప్రశ్న యని మా యభిప్రాయము.

2023వ సంవత్సరమున మన దేశములో ఇచ్చిన కమర్షియల్ పైలటు లైసెన్సులు 1,600 పైచిలుకు. వీనిలో పెద్దభాగము విదేశములలో ఎగురుట నేర్చి వచ్చినవారివి. ఆ శిక్షణకగు వ్యయము అరకోటి రూపాయలకు తక్కువగా నుండుట అరుదు. కోస్తా మండలములందును తెలంగాణమునందును ఎకరములమ్మియో, ఇల్లు తాకట్టు పెట్టియో, బ్యాంకులో ఋణము చేసియో బిడ్డలనిట్లు పంపిన తలిదండ్రులు గలరు. బిడ్డ లైసెన్సుతో తిరిగివచ్చుటతో తమ బాధ్యత తీరినదని వారు తలతురు. అసలు నిరీక్షణము అప్పుడు మొదలగును. విదేశపు అధికారులనుండి ధ్రువీకరణము రావలెను; ఇచ్చటి పరీక్షలు వ్రాయవలెను; వైద్యులు పరీక్షింపవలెను; మరల విమానమెక్కి నైపుణ్యము చూపవలెను. ఈలోగా అప్పుపై వడ్డీ ఆగదు. ఎగురని చేతికి పదును తగ్గును. దానిని నిలుపుకొనుటకు మరల గంటల లెక్కన రుసుము చెల్లించి ఎగురవలసి వచ్చును.

నిజాము రాజ్యమున హాలీ సిక్కాయు, బ్రిటిషు ఇండియాలో కల్దారు రూపాయియు చెలామణిలోనున్న దినములను పెద్దలెరుగుదురు. బెజవాడనుండి హైదరాబాదు పోయిన వర్తకుడు సరిహద్దున రూపాయిని మార్చుకొని వట్టము చెల్లించెడివాడు. రెండు నాణెములలోను వెండి యున్నను ముద్ర వేరగుటచే వర్తకునికి నష్టము తప్పెడిది కాదు. నేడు పైలటుల లైసెన్సుల స్థితి యట్లే యున్నది. విద్యయనెడు వెండి యొక్కటియే, ముద్రలు వేరు, వట్టము చెల్లించువాడు యువకుడు. అయితే దొంగనాణెమును పట్టుటకు ప్రతి నాణెమును గీటి చూడవలసిన యవసరము షరాబునకు గలదు గదా యనువారి మాటలోను న్యాయమున్నది. ఈ రెండు న్యాయములను సమన్వయపరచుటయే ప్రభుత్వమువారి పని.

ఈ సమస్య క్రొత్తది కాదు. 1919లో పారిసు నగరమున కుదిరిన వైమానిక ఒడంబడికలోనే వైమానికుల యోగ్యతాపత్రములను ఒక రాజ్యమువారివి మరియొక రాజ్యమువారు గుర్తింపవలెనను సూత్రమును చేర్చిరి. మన దేశమున తొలి పైలటు లైసెన్సును 1929 ఫిబ్రవరి 10వ తేదీన శ్రీ జె. ఆర్. డి. టాటాగారు పొందిరి. ఆ కాలమున విమానములు కొద్ది, వైమానికులు కొద్ది, వినోదార్థము ఎగురువారే హెచ్చు. ద్వితీయ ప్రపంచ యుద్ధముతో విమానయానము లోకవ్యాప్తమైనది. 1944 డిసెంబరు 7వ తేదీన షికాగోలో 52 దేశములు అంతర్జాతీయ పౌరవిమానయాన ఒడంబడికపై సంతకములు చేసినవి. మన దేశము పక్షమున సర్ గిరిజాశంకర్ బాజ్‌పాయిగారు సంతకము చేసిరి. ఆ ఒడంబడిక వలననే మాంట్రియల్ నగరమున కేంద్రస్థానము గల అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ యేర్పడినది. నేడందు 193 దేశములు సభ్యులు.

ఆ ఒడంబడికలోని 32, 33 అధికరణములే ఈ విషయమునకు మూలము. అంతర్జాతీయ యానము చేయు విమానము ఏ దేశమున నమోదైనదో, ఆ దేశమువారు ఇచ్చిన లేక అంగీకరించిన లైసెన్సు దాని పైలటునకుండవలెను. ఆ లైసెన్సు అంతర్జాతీయముగా నిర్ణయించిన కనీసపు ప్రమాణములకు తగ్గకున్నచో దానిని తక్కిన దేశములు గుర్తింపవలెను. కావుననే మన లైసెన్సు గల పైలటు మన దేశపు గుర్తులు దాల్చిన విమానమును న్యూయార్కున దింపిన యెడల నీ లైసెన్సు చెల్లదని అచ్చటివారు అనజాలరు. కాని అతడే అమెరికాలో నమోదైన విమానమును నడపగోరినచో, అమెరికావారి యనుమతి వేరుగా పొందవలెను. లైసెన్సు మనుజుని వెంట గాక విమానపు జెండా వెంట నడచుచున్నదన్న మాట. 32వ అధికరణములో మరియొక షరతు గలదు. తన పౌరుడు పరదేశమున పొందిన లైసెన్సును తన భూభాగముపై ఎగురుటకు గుర్తింపక నిరాకరించు హక్కును ప్రతి రాజ్యమును తనకు నిలుపుకొన్నది. అనగా తన బిడ్డ పరాయివారి బడిలో చదివి వచ్చినచో ఆ చదువును శంకించు హక్కు తండ్రికి చట్టముచేతనే దత్తమైనది.

ఈ శంక నిష్కారణమని మేమనము. 1996 నవంబరు 12వ తేదీన ఢిల్లీకి సమీపమునగల చర్ఖీ దాద్రీ వద్ద ఆకాశమున సౌదీ విమానమును కజకస్తాను విమానమును ఢీకొని 349 మంది మరణించిరి. ఇంతటి ప్రాణనష్టము జరిగిన ఆకాశ సంఘట్టనము మరియొకటి లేదు. విచారణ జరిపిన న్యాయమూర్తి శ్రీ లాహోటీగారు కజకస్తాను విమానము తనకు నిర్ణయించిన ఎత్తుకంటె క్రిందికి దిగుటయే కారణమని తేల్చిరి. ఆ విమానపు సిబ్బందికి ఆంగ్లభాషలో చాలినంత పరిచయము లేకుండుటయు దోహదము చేసినదని నిర్ణయమైనది. ఆ సిబ్బందికిని లైసెన్సులుండినవి. లైసెన్సు ఉన్నది గదా యను నమ్మకమొక్కటియే చాలదని ఆ దినము లోకమునకు తెలిసినది. పైలటులకు ఆంగ్లభాషలో ఇంత యోగ్యత యుండవలెనను అంతర్జాతీయ నియమము 2008 మార్చినుండి అమలులోనికి వచ్చినది.

దొంగనాణెముల భయమును ఊహామాత్రము కాదు. 2011లో మన దేశమునందే దొంగ మార్కుల పత్రములు చూపి పెద్ద లైసెన్సులు పొందిన కొందరు పైలటులు పట్టుబడిరి. ప్రభుత్వమువారు వేలాది లైసెన్సులను తిరిగి పరిశీలింపవలసి వచ్చినది. 2020 జూన్‌లో పాకిస్తాను విమానయాన మంత్రి తమ దేశపు 860 మంది పైలటులలో 262 మంది లైసెన్సులు అనుమానాస్పదములని శాసనసభలో ప్రకటించెను. తరువాతి విచారణలో పెక్కుమంది పత్రములు సక్రమమని తేలినను, జరుగవలసిన నష్టము అప్పటికే జరిగినది. ఆ దేశపు జాతీయ విమానసంస్థను ఐరోపావారు తమ గగనమునకు రానీయక నిషేధించిరి. ఆ నిషేధము 2024 నవంబరు వరకు తొలగలేదు. పరదేశముల కొలువులోనున్న ఆ దేశపు పైలటులు నిర్దోషులై యుండియు అనుమానమునకు గురియైరి. ఒక ప్రభుత్వము తన ముద్రను ఏమరినచో ఆ ముద్ర దాల్చిన నిజాయితీపరులందరును శిక్షననుభవింతురు.

మనమును ఈ పాఠమును కొంత నేర్చినవారమే. 2014 జనవరిలో అమెరికా విమానయాన శాఖవారు మన విమానయాన పర్యవేక్షణ చాలకున్నదని మనలను రెండవ తరగతికి దింపిరి. తనిఖీ చేయుటకు పూర్తికాలపు ఉద్యోగులు తగినంతమంది లేకుండుట ప్రధాన లోపములలో నొకటి. 2015 ఏప్రిల్ వరకు మన సంస్థలు ఆ దేశమునకు క్రొత్త సర్వీసులు నడపుటకు వీలులేకపోయినది. లోపమును సవరించుకొన్న పిదపనే మొదటి తరగతి మరల లభించినది. కావున పరీక్షలను సడలింపుడని మేమెన్నడును కోరము. ఏది పరీక్షింపవలెను, ఏది పరీక్షింప నక్కరలేదు అనునదియే మా ప్రశ్న.

విమానవిద్యలో కొంత సర్వసామాన్యము, కొంత స్థానికము. రెక్కపై గాలి ఒత్తిడి పనిచేయు విధము అమెరికాలో ఒకటి, అమేఠీలో మరియొకటి కాదు. దిక్కును లెక్కకట్టు గణితము, ఇంజనులోని యింధనపు దహనము, మేఘము కూడి యురుము పుట్టు విధము, వీనికి ఎల్లలు లేవు. కాని అమెరికాలో వాయుపీడనమును అంగుళముల పాదరసముతో కొలుతురు. మనవారు హెక్టోపాస్కలులతో కొలుతురు. అచ్చట దృశ్యదూరమును మైళ్లలో చెప్పుదురు. ఇచ్చట మీటర్లలో చెప్పుదురు. ఎత్తు లెక్కింపునందు స్థానిక పీడనమును విడిచి సామాన్య పీడనమును పట్టవలసిన మట్టము అమెరికా అంతటను 18,000 అడుగులుగా నున్నది. మన దేశమున విమానాశ్రయమును బట్టి మారును. చైనాలో ఎత్తును మీటర్లలో నిర్ణయింతురు. దీనికితోడు ప్రతి దేశమునకును తన శాసనములు, తన వాతావరణము గలవు. నైరుతి ఋతుపవనమును, వేసవినాటి గాలిదుమారములను, పౌష్యమాసపు ఢిల్లీ మంచును ఎరుగనివాడు మన ప్రయాణికులను ఎక్కించుకొని బయలుదేరరాదు. స్థానికమైన దానిని నిర్దాక్షిణ్యముగా పరీక్షింపవలెను. సర్వసామాన్యమైన దానిని ఒకసారి సరియైన చోట పరీక్షించిరని రుజువైన పిదప మరల మొదటినుండి యెత్తుకొనుట ‘రెడ్డి వచ్చె మొదలాడు’ అను సామెతకు లక్ష్యమగును.

మన పద్ధతిని నిష్పక్షపాతముగా పరిశీలింతము. మన దేశముననే చదివిన విద్యార్థి వ్రాయు పరీక్షలన్నిటిని విదేశపు లైసెన్సు గలవాడు వ్రాయనక్కరలేదు. అతనికి వైమానిక నిబంధనల పరీక్షయు, మార్గనిర్ణయ వాతావరణశాస్త్రములు రెండును కలిసిన సమ్మిళిత పరీక్షయు నుండును; ఉత్తీర్ణతకు నూటికి 70 మార్కులు రావలెను. ఆపైన రేడియో సంభాషణ యోగ్యతాపత్రమును, ప్రథమశ్రేణి వైద్యపరీక్షయు, నైపుణ్య పరీక్షయు గలవు. ఇందు కొంత సడలింపున్నదని యొప్పుకొనవలసినదే. నిబంధనల పరీక్ష న్యాయమైనది. వైద్యపరీక్షయు, నైపుణ్య పరీక్షయు అత్యవసరములు. సమ్మిళిత పరీక్షలో మాత్రము మన వాతావరణమునకును మన మార్గములకును చెందిన భాగమును నిలిపి, లోకమంతటను ఒక్కటియైన భాగమును తొలగింపవచ్చును. రేడియో యోగ్యతాపత్రమునకై విమానయాన శాఖ విడిచి సమాచారశాఖవారి గుమ్మమునెక్కవలసిన దురవస్థ చిరకాలము సాగినది. 1934 నాటి విమానచట్టమునకు బదులుగా వచ్చిన 2024 నాటి భారతీయ వాయుయాన అధినియమములో ఆ అధికారమును విమానయాన శాఖకే అప్పగించిరి. ఇది మెచ్చదగిన సంస్కారము.

మరియొక విషయమును గూడ చెప్పక తప్పదు. అనుభవజ్ఞులైన విదేశీయ పైలటులకు కొన్ని నిబంధనలకు లోబరచి తాత్కాలికానుమతి నిచ్చి మన విమానసంస్థలవారు పనిలో పెట్టుకొనుచున్నారు. ఈ పద్ధతికి పలుమారులు గడువు పెట్టిరి, పలుమారులు పొడిగించిరి. పెద్ద విమానములకు కెప్టెన్లు చాలనపుడు ఇది అవసరమగుచుండవచ్చును. ఆ విదేశీయులపై మాకు ద్వేషము లేదు. పరదేశపు పౌరుని పరదేశపు లైసెన్సును తాత్కాలికముగానైనను నమ్ముటకు మార్గము కనుగొన్నవారు, స్వదేశపు పౌరుని చేతిలోనున్న అదే దేశపు లైసెన్సు విషయమున సులభతరమైన మార్గమును ఏల కనుగొనరాదని మాత్రమే మేమడుగుచున్నాము. అనుభవముగల కెప్టెనును, క్రొత్తగా నేర్చి వచ్చిన యువకుడును సమానులు కారని మేమెరుగుదుము. ఆ భేదమును నైపుణ్య పరీక్షయు, విమానసంస్థలోని శిక్షణమును తీర్చగలవు.

ఇతర దేశములవారు ఏమి చేసిరి? అమెరికావారును కెనడావారును ఒకరి పాఠ్యక్రమమును మరియొకరు పంక్తి పంక్తికి సరిచూచుకొని, 2006లో ఒడంబడిక చేసికొనిరి. ఆ రెండు దేశముల మధ్య ప్రైవేటు లైసెన్సునే గాక కమర్షియల్ లైసెన్సును గూడ, భేదములున్న విషయములపై చిన్న పరీక్షతో మార్చుకొనవచ్చును. ఆస్ట్రేలియా న్యూజీలాండులు తమ మధ్యనున్న పరస్పర గుర్తింపు చట్టముక్రింద పైలటు లైసెన్సులను గుర్తించుచున్నవి. ఐరోపాసమితిలో ఒక దేశమిచ్చిన లైసెన్సు తక్కిన సభ్యదేశములన్నిటను చెల్లును. నార్వే, స్విట్జర్లాండు మొదలగు దేశములును ఇందు చేరియున్నవి. ఈ గుర్తింపునకు వెలుపలివాడైనచో మాత్రము పదుమూడు విషయములలో శాస్త్రపరీక్షలనెదుర్కొనవలెను.

బ్రిటనునకు జరిగినది గమనింపదగినది. ఆ దేశము సమితినుండి వైదొలగి, పరివర్తనకాలము 2020 డిసెంబరు 31వ తేదీతో ముగియగానే, బ్రిటిషు లైసెన్సు ఐరోపాదేశముల విమానములకు చెల్లకపోయినది. ముందుచూపు గలవారు అంతకు పూర్వమే తమ లైసెన్సులను ఐర్లాండు, ఆస్ట్రియా మున్నగు దేశములకు మార్చుకొనిరి. తక్కినవారు పరదేశీయుల వరుసలో నిలిచిరి. డిసెంబరు 31న ఎగిరిన పైలటు జనవరి 1వ తేదీ ఉదయమునకు విద్య మరచిపోలేదు. మారినది ప్రభుత్వముల మధ్యనున్న కాగితము. దీనినిబట్టి లైసెన్సు మార్పిడిలోని కష్టము చాలవరకు విద్యకు చెందినది కాదనియు, రాజ్యముల యొప్పందమునకు చెందినదనియు తేటపడుచున్నది. రాజ్యములు కల్పించిన దానిని రాజ్యములే సవరింపగలవు.

అన్ని దేశముల ప్రమాణములు ఒక్కటి కావుగదా యని యాక్షేపింపవచ్చును. నిజమే. కమర్షియల్ లైసెన్సునకు అంతర్జాతీయ కనీసము 200 గంటల యానము. ఆమోదిత శిక్షణాలయమున క్రమముగా చదివినవారికి 150 గంటలు. మనవారు 200 కోరుదురు. అమెరికావారు సామాన్యముగా 250, ఆమోదిత శిక్షణాలయములందు 190 కోరుదురు. 2009 ఫిబ్రవరిలో బఫలో నగరమువద్ద ఒక విమానము కూలి 50 మంది మరణించిన పిదప, ప్రయాణికుల విమానసంస్థలలో సహాయ పైలటునకు గూడ సామాన్యముగా 1,500 గంటల యనుభవముండవలెనని అమెరికావారు 2013లో నియమము చేసిరి. ఐరోపావారు గంటలకంటె శాస్త్రపరీక్షలకును, క్రమశిక్షణకును ప్రాధాన్యమిచ్చుచున్నారు. ఇందు ఏది మేలో వైమానికులలోనే వివాదము గలదు. భేదములున్నవన్న మాత్రమున ఒడంబడిక యసాధ్యము కాదు. భేదములను పట్టికగా వ్రాసికొని, వాని మేరకే పరీక్షించుటయే ఒడంబడిక.

విమానముల విడిభాగముల యోగ్యతను పరస్పరము గుర్తించు విషయమున మన ప్రభుత్వము 2011లో అమెరికాతో ఒడంబడిక చేసికొన్నది. మరకీలలకు చేసిన మర్యాదను మనుజులకేల చేయరాదు? శిక్షణకై మన యువకులు అధికముగా పోవు దేశములతో మొదట ఇట్టి చర్చలారంభింపవలెను. అది ఏకపక్షపు దయగా నుండరాదు, ఇచ్చిపుచ్చుకొనుట కావలెను. వారి లైసెన్సును మనమెంత నమ్ముదుమో, మన లైసెన్సును వారంత నమ్మవలెను. అట్లు నమ్మించుకొనవలెనన్నచో మన శిక్షణాలయములందు గంటల పుస్తకములలో దొంగలెక్కలు లేకుండ చూడవలెను. పరీక్షాధికారులు నిష్పక్షపాతులుగా నుండవలెను. తనిఖీదారుల కొరత మరల రాకూడదు. 2025 ఫిబ్రవరిలో మన ప్రభుత్వము ఎలక్ట్రానిక్ పైలటు లైసెన్సును ప్రవేశపెట్టినది. చైనా తరువాత ఈ పని చేసిన దేశము మనదే. కాగితము నిజమైనదా దొంగదా యను పరిశీలనకు నెలలు పట్టిన కాలము దీనితో గతింపవలెను. ప్రతి మార్పిడి దరఖాస్తునకును ఇన్నిదినములలో అవుననియో కాదనియో ఉత్తరువు చెప్పవలెనను గడువును, కాదన్నచో కారణమును వ్రాతమూలకముగా తెలుపు విధియు నుండవలెను.

ఇంతకంటె ముఖ్యమైన చికిత్స మరియొకటి గలదు. మన బిడ్డలు ఎగురుట నేర్చుకొనుటకు సముద్రములు దాటవలసిన యగత్యమే తగ్గవలెను. ఫుర్సత్‌గంజిలోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ వంటి సంస్థలు మరికొన్ని కావలెను. తెలుగుదేశమునకు విమానవిద్య క్రొత్తది కాదు. 1945లో హైదరాబాదున స్థాపితమైన డెక్కన్ ఎయిర్‌వేస్ 1953లో జాతీయసంస్థలో కలియువరకు బేగంపేటనుండి విమానములు నడపినది. ఉపయోగములేక పడియున్న రన్‌వేలు మన జిల్లాలలో నున్నవి. శిక్షణకై సొమ్ము వెచ్చించు కుటుంబములును ఉన్నవి. స్వదేశపు శిక్షణాలయము మంచిదైనచో మన లైసెన్సునకు పరదేశమున గౌరవము హెచ్చును. ఆ గౌరవమే ఒడంబడికకు పునాది యగును. ఈలోగా బిడ్డలను పంపదలచిన తలిదండ్రులు పొలమమ్ముటకు ముందు, ఆ శిక్షణాలయపు లైసెన్సును మన శాఖవారు ఏ షరతులతో మార్తురో, అచ్చట చేయు గంటలు మన లెక్కకు సరిపోవునో కాదో స్వయముగా విచారించుకొనవలెను. దళారుల మాటను ప్రమాణముగా గొనరాదు.

పౌరవిమానయాన శాఖను 2014లో విజయనగరమునకు చెందిన శ్రీ అశోకగజపతిరాజుగారును, 2024 జూన్‌లో శ్రీకాకుళపు ప్రతినిధి శ్రీ కింజరాపు రామమోహననాయుడుగారును చేపట్టిరి. ఉత్తరాంధ్రనుండి వచ్చిన యిరువురికి ఈ శాఖ లభించుట తెలుగువారికి సంతోషకరము. క్రొత్త చట్టమును అమలుపరచుచున్న తరుణమిది. మన విమానసంస్థలు వందలకొలది విమానములను కొనుటకు ఒప్పందములు చేసికొన్న తరుణమిది. విమానమును ధనమిచ్చి కొనవచ్చును. దానిని నడపు చేతిని, ఆ చేతియందు లోకమునకుండవలసిన నమ్మకమును కొనజాలము. కావున లైసెన్సుల పరస్పర గుర్తింపును గూర్చిన చర్చలను ఆలసింపక ప్రారంభించి, మన యువకుల కాలమును ధనమును కాపాడుటయేగాక, ప్రయాణికుల క్షేమమునకు లేశమైనను లోపము రాకుండ ఈ విషయమునకొక న్యాయమైన క్రమమును ఏర్పరతురని ఆశించుచున్నాము.